రెండు కార్డుల బాడీ

నాకు నోరు ముందు పోతుంది, బుద్ధి వెనకాల వస్తుంది. మా అత్త ఈ మాట అన్నప్పుడల్లా ఒంటికాలి మీద లేచేదాన్ని. తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్ల మీదికి వచ్చిన ఆ ఏడు, కెమెరా బాడీ కోసం నేను తిరిగిన తిరుగుడు అయ్యాక మాత్రం ఆమెకు ఎదురు చెప్పడం మానేశాను.

మాది కోరుట్లలో చిన్న ఫోటో స్టూడియో. మా ఆయన పెళ్లిళ్లకు, సభలకు పోయేవాడు. నేను లోపల పాస్‌పోర్టు ఫోటోలు తీసేదాన్ని. వాటికోసం ఒక చిన్న డిజిటల్ కెమెరా, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు ఉండేవి. ఫంక్షన్లకు మాత్రం ఇంకా పాత రీలు కెమెరాయే దిక్కు. ముస్లింల ఇళ్లలో పెళ్లయితే పిలుపు నాకు వచ్చేది. వాళ్లలో ఆడవాళ్లు కూర్చునే హాలు వేరు, మగవాళ్లది వేరు. ఆడవాళ్ల వైపు మగ ఫోటోగ్రాఫర్ అడుగు పెట్టడు. చుట్టుపక్కల కెమెరా పట్టే ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి నాకు గిరాకీ బాగానే ఉండేది.

అయితే అందులో ఒక చిక్కుంది. లోపల తీసేది నేనే అయినా, రీలు కడగడానికి కరీంనగర్ ల్యాబుకు పోవాలి. కడిగేది మగవాళ్లు, ప్రింటు సరిచూసేది మగవాళ్లు. ఆ సంగతి ఆడవాళ్లందరికీ తెలుసు. అందుకని కొంగులు సర్దుకొని, వరసగా నిలబడి, నాలుగు ఫోటోలు దిగి 'బస్, ఇగ సాలు' అనేవాళ్లు. నేను కెమెరా సంచిలో పెట్టిన తర్వాత అసలు పెళ్లి మొదలయ్యేది. డోలక్ బయటికి వచ్చేది. ముసలమ్మలు మోకాళ్ల నొప్పులు మరిచి ఆడేవాళ్లు. వాటిని చూస్తూ ఖాళీ చేతులతో కూర్చోవడం నాకు ఎంత కడుపుమంటగా ఉండేదో చెప్పలేను.

మా గల్లీలో కుట్టుమిషను పెట్టుకొని బతికే ఒక పెద్దావిడ ఉండేది. ఊరంతా ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచేది. కోరుట్లలో సగం పెళ్లిళ్లకు నన్ను పిలిపించింది ఆమే. ఆమె మనవరాలికి జగిత్యాల సంబంధం కుదిరింది. తల్లి లేని పిల్ల, ఖాలాయే పెంచింది. ఒకరోజు మిషను తొక్కుతూనే అడిగింది.

"డిజిటల్ అయితే రీలు బయటికి పోదంట గద బిడ్డా? నా మనవరాలు నవ్వేటిది ఒక్క ఫోటో అన్న కావాలె నాకు. మెడలు వంచుకొని నిలవడ్డయి ఇంటినిండా ఉన్నయి."

"పోదు ఖాలా. కార్డు నా కాన్నే ఉంటది, ప్రింటు నా మిషన్లనే తీస్త. ఒక్క మగోని కన్ను పడదు. నా బిడ్డ మీద ఒట్టు!"

ఒట్టు ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. ఖాలా మిషను ఆపి నా వైపు కంగారుగా చూసింది.

"తౌబా తౌబా, పిల్ల మీద ఒట్టెందుకు పెడ్తవ్? నీ మాట సాలదా నాకు?"

అప్పటికి నోరు జారిపోయింది. నా బిడ్డకు అప్పుడు ఆరేళ్లు.

ఇక డిజిటల్ బాడీ వేట మొదలైంది. లెన్సు లేని ఒట్టి కెమెరా పెట్టెను మా పనిలో బాడీ అంటాం. చిట్టీ ఎత్తితే నా చేతికి వచ్చింది ముప్పై వేలు. జగిత్యాలలో కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు, అందరికీ ఉస్తాద్. ఆయన నా ముందు రెండు పెట్టాడు. ఒకటి కొత్తది, డబ్బాతో, బిల్లుతో, ఒక ప్లాస్టిక్ లెన్సుతో సహా నా డబ్బులో వస్తుంది. రెండోది సెకండ్ హ్యాండు, ఒట్టి బాడీయే నలభై వేలు. సిరిసిల్లలో ఒక ఫోటోగ్రాఫర్‌ది అట. సమ్మెలతో పెళ్లిళ్లు వాయిదా పడి, చేతిలో పైసలు ఆడక అమ్ముకుంటున్నాడట.

"సూడు చెల్లె," అన్నాడు ఉస్తాద్. "నీ తాన మంచి లెన్సున్నది. గీ కొత్త దాంట్ల మోటర్ లేదు. నీ లెన్సు బిగుస్తది గని దానంతట అది తిరుగది. ఫోకస్ చేత్తోని తిప్పుకోవాలె. గీ పాతదాంట్ల మోటరున్నది. చీకట్ల గూడ మంచిగ గుంజుతది. బరువు మాత్రం ఇటుకపెళ్లంత ఉంటది. కొత్త పిల్లనా, పాత పహిల్వానా, నువ్వే సూస్కో."

నేను తీయాల్సింది ఆడే ఆడవాళ్లను. ఒక్కచోట నిలబడరు, హాల్లో వెలుతురు ఉండదు. చేత్తో ఫోకస్ తిప్పేలోపు నవ్వు అయిపోతుంది. మనసు పహిల్వాన్ మీదికే పోయింది. మా ఆయన మాత్రం బయటే నిలబడి గొణుగుతున్నాడు.

"నలభై ఏడికెల్లి తెస్తవ్? పెండ్లిళ్లే లేకపాయె. గాయింత మోటర్ కోసం పదివేలా? ఎవని చేతుల ఎట్ల తిరిగిందో ఎవనికెరుక?"

మా పనిలో ఒక పద్ధతుంది. పాత బాడీ కొనేముందు ఒక ఫంక్షన్ తీసి చూస్తారు. కాగితం ఉండదు, బయానా ఉండదు, మాట మీదే నడుస్తుంది. నచ్చితే డబ్బు, నచ్చకపోతే బాడీ వెనక్కి. ఉస్తాద్ ఆ పద్ధతిలోనే పహిల్వాన్‌ను నా చేతిలో పెట్టాడు, కొత్త దాని బ్రోచరు, దీని బ్రోచరు కూడా ఇచ్చి ఇంటి దగ్గర తీరిగ్గా చూసుకోమన్నాడు. నేను ఆ బ్రోచర్లు మడిచి సంచిలో పడేశాను. అప్పుడే విప్పి ఉంటే ఈ కథే లేదు.

పెళ్లి రోజు హాల్లో ఖాలా తలుపు గడియ వేయించి, అందరికీ చెప్పింది. ఈమె ఫోటోలు ల్యాబుకు పోవు, మగవాళ్లు చూడరు, పూచీ నాది అని. మొదట ఎవరూ నమ్మలేదు. నేను ఒక ఫోటో తీసి వెనక తెర మీద చూపించాను. ముక్కుపుడక సర్దుకుంటున్న ఒక పెద్దమ్మ తనను తాను చూసుకొని పకపకా నవ్వింది. తర్వాత ఆపడం నా వల్ల కాలేదు. పెళ్లికూతురు జడ విప్పుకొని చిన్ననాటి స్నేహితులతో గిర్రున తిరిగింది. ఖాలా పళ్లు లేని నోటితో పాడింది. పాలిచ్చే తల్లులు, నడుముకు కొంగు బిగించిన పడుచులు, అందరూ నా లెన్సు ముందు తమ ఇంట్లో ఉన్నట్టే ఉన్నారు. లెన్సు జుయ్యిమని తిరిగి ముఖాలను పట్టుకుంటుంటే ఈ జన్మకు ఇది చాలనిపించింది. ఆ పూట నేను నాలుగు వందల ఫోటోలకు పైనే తీశాను.

ఇంటికి వచ్చి కార్డు తీసి ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించాను. ఆ కార్డును బియ్యం డబ్బాలో దాచాను. బాడీకి మాత్రం పదివేలు ఎక్కడా పుట్టలేదు. నాలుగు రోజులు మా ఆయనతో గొడవపడి, చివరికి ఏడుపు మింగుకుంటూ జగిత్యాల పోయి పహిల్వాన్‌ను ఉస్తాద్‌కు అప్పజెప్పాను. లెన్సు తీసుకున్నాను, నా బెల్టు తీసుకున్నాను, కార్డు తలుపు తెరిచి మరోసారి చూసుకొని మరీ ఇచ్చాను. రీలు కెమెరాలో వెనక తలుపు తీసి, రీలు లేదని చూసి అప్పజెప్పడం మాకు అలవాటు. అలాగే చూశాను. ఆ మర్నాటి నుంచి బస్సులు ఆగిపోయాయి. బళ్లు, ఆఫీసులు, డిపోలు అన్నీ సమ్మెలోకి పోయాయి.

రెండు రోజుల తర్వాత పగటిపూట కరెంటు లేదు. స్టూడియో గడప మీద కూర్చొని, ఆ కొత్త కెమెరాయే నాకు సరిపోతుందని మనసుకు నచ్చజెప్పుకోవడానికి రెండు బ్రోచర్లూ పక్కపక్కన పరిచాను. నా ఇంగ్లీషు పదో తరగతిది. వేలు పెట్టి ఒక్కో వరస చదువుతున్నాను. బరువు, బ్యాటరీ, తెర. కొత్తదానికి మెమరీ కార్డు ఒకటి. పాతదానికి రెండు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తీసిన ప్రతి ఫోటోనూ ఒకేసారి రెండింటిలోకీ ఎక్కించుకునే వీలుంది.

ఆ వరస మూడుసార్లు చదివాను. కార్డు తలుపు వెనక, నా పెద్ద కార్డుకు పైన, గోరంత సందులో ఒక నల్లటి అంచు కనిపించేది. అది మిషనులో భాగం అనుకున్నాను. తెర మూల రెండు చిన్న గుర్తులు వెలుగుతుండేవి. అవి ఏమిటో తెలుసుకోవాలనే అనిపించలేదు. ఒక కెమెరాకు ఒక రీలు, ఇరవై ఏళ్లుగా నాకు తెలిసిన లెక్క అదే.

ఆ నల్లటి అంచు రెండో కార్డుది, నేను తీసినవన్నీ దానిలోనూ ఎక్కి బాడీతోపాటే వెళ్లిపోయాయి. ఆ రోజుల్లో ప్రతి సెంటర్లో ఇరవై రూపాయలకు ఫోను కార్డు నిండా పాటలు ఎక్కించే దుకాణాలు ఉండేవి. పాటల వెంట ఇంకా ఏమేం ఎక్కేవో అందరికీ తెలుసు. ఎక్కడో ఎవరో పిల్ల నవ్వితే చాలు, సాయంత్రానికి ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి పాకేది. పెళ్లికూతురు అత్తవారింటికి పోయి పది రోజులు కాలేదు. జడ విప్పుకొని తిరిగిన ఆ ముఖం ఒక్కటి బయటపడితే ఆ కాపురం ఏమవుతుంది? పూచీ ఇచ్చిన ఖాలా ఏ ముఖంతో గల్లీలో తిరుగుతుంది? ఇక మిగిలింది నేను పెట్టిన ఒట్టు. ఆ రాత్రే నా బిడ్డకు జ్వరం తగిలింది. పిల్లలకు జ్వరాలు రావా అని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, రాత్రంతా నుదుట తడిగుడ్డ మారుస్తూనే కూర్చున్నాను.

తెల్లారి ఉస్తాద్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, గా పాత బాడీ నీ కాన్నే ఉందా?"

"లేదు చెల్లె. సిరిసిల్ల పిలగాడు బండి మీద అచ్చి తీస్కపోయిండు. ఆడ పెద్ద ర్యాలీ ఉన్నదంట, ఫోటోలు కొట్టాలన్నడు. ఏం, మనసు మారిందా?"

కార్డు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అడిగితే ఏముందోనని చూస్తారు. అడగకపోతే తెలియక చూస్తారు. దొంగకు తేలు కుట్టినట్టు ఉంది నా పని, అరవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు. సిరిసిల్ల అతని నంబరు తీసుకొని చేశాను. నేనెవరో చెప్పి, బాడీ నేనే కొంటున్నానన్నాను.

"నిజంగనా అక్కా? మంచిమాట చెప్పినవ్."

"ఎవ్వరికియ్యకు తమ్మీ. ఎవ్వరికి సూపెట్టకు. అసలు ముట్టకు."

"ముట్టకుంటె ఎట్లక్కా," అని నవ్వాడు. "ర్యాలీ ఉండె గద."

ఫోన్ పెట్టేశాక తల గోడకు కొట్టుకోవాలనిపించింది. ముట్టకు అంటే ముట్టనివాడు కూడా ముట్టి చూస్తాడు.

మా ఆయనకు చెప్పక తప్పలేదు. బండి ఆయనది. తిడతాడని కాచుకొని చెప్పాను. తిట్టలేదు. వినీ వినగానే చెప్పులు వేసుకొని, బండిలో పెట్రోలు ఎంతుందో చూశాడు. ఆయన అరవకపోవడంతో నాకు ఇంకా భయమేసింది. నా మెడలో గొలుసు తాకట్టు పెట్టి ఆ పదివేలు తెచ్చాం. పిల్లను మా అత్త దగ్గర వదిలాం. కథలాపూర్ దారిలో చెట్లు కొట్టి అడ్డం వేశారని తెలిసి, జగిత్యాల మీదుగా చుట్టు తిరిగి పోయాం. జగిత్యాల దాటేటప్పుడు పెళ్లికూతురు అత్తగారి వీధి మొగ కనిపించింది. వీధిలో ఎవరూ మా వైపు చూడలేదు. అయినా కొంగు ముఖం మీదికి లాక్కున్నాను.

మల్యాల దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకొని తింటున్నారు. నిరసన అది. పిల్లలు బండి ఆపారు. జై తెలంగాణ అన్నాం, మనసారానే అన్నాం. ఒకడు నా సంచి మీద చేయి వేశాడు.

"ఏందక్కా గీ సంచిల?"

"కెమెరా లెన్సు తమ్మీ."

నలుగురూ దగ్గరికి వచ్చారు. "ఎవలకు తీస్తున్నవ్ ఫోటోలు? పోలీసోళ్లకా?"

"లెన్సొక్కటే ఉన్నది బిడ్డా, డబ్బా లేదు. డబ్బా కొననీకే పోతున్నం," అన్నాడు మా ఆయన. వాళ్లు సంచి అంతా తీసి చూశారు. లెన్సును పిల్లకాయలు పొడుపుకథ విప్పినట్టు అటూ ఇటూ తిప్పారు. పొయ్యి దగ్గరున్న ఒక అవ్వ గరిటె ఊపుతూ వచ్చి వాళ్లను కసిరింది. మమ్మల్ని కూర్చోబెట్టి అన్నం, పప్పుచారు పెట్టింది. తినకపోతే అనుమానం, తింటే ఆలస్యం. ఆ నాలుగు ముద్దలూ ఎలా దిగాయో నాకు గుర్తు లేదు. కెమెరా అంటే భయం బుర్ఖాల వెనకే ఉంటుందనుకునేదాన్ని. రోడ్డు మీద జెండా పట్టుకున్న మగపిల్లల కళ్లల్లోనూ అదే భయం ఉందని ఆ రోజే చూశాను.

సిరిసిల్ల చేరేసరికి పొద్దు వాలుతోంది. ఎప్పుడూ టకటకలాడే మగ్గాల వీధులు చప్పుడు లేకుండా ఉన్నాయి. అతని ఇంట్లో ముందు గది నిండా రెండు మరమగ్గాలు, పక్కన మేకుకు పహిల్వాన్ వేలాడుతూ ఉంది. పాతికేళ్ల పిల్లాడు. అతని భార్య మంచినీళ్లు తెచ్చింది. నేను నీళ్లు ముట్టకుండానే బాడీ అందుకొని కార్డు తలుపు తీశాను. పై సందు ఖాళీగా ఉంది.

"గీడ చిన్న కార్డుండె గద తమ్మీ?"

అతను నా ముఖం చూసి అన్నాడు.

"నా కార్డే గదక్కా అది. తీసి పక్కకు పెట్టిన."

అంతే, నేను కూలబడి ఏడ్చేశాను. చెప్పకూడదనుకున్నదంతా చెప్పేశాను. ఖాలా, తలుపు గడియ, ఒట్టు, జ్వరం, అన్నీ. మా ఆయన నా భుజం పట్టుకొని ఊపుతున్నా ఆగలేదు. అతను తల దించుకొని విన్నాడు.

"ఒక్కటి అగుపడ్డదక్కా. ఆడోళ్లు కూసున్నది. నువ్వు తీసిన పెండ్లిదని సమజయింది. ఇంకోటి సూడలె. ఫార్మాట్ కొట్టి ర్యాలీ ఫోటోలు ఎక్కిచ్చిన. మా అమ్మ తోడు."

ఫార్మాట్ కొట్టినా ఫోటోలు పూర్తిగా పోవని నాకు తెలుసు. పోయిన ఫోటోలు తిరిగి తీయబడును అని ఉస్తాద్ దుకాణం ముందు బోర్డే ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు.

"అయితె కార్డు గూడ నాకిచ్చెయ్. ఎంతంటె అంతిస్త."

"ఇయ్యలేనక్కా." అతను గూట్లో దేవుడి పటం వెనక నుంచి, కాగితంలో చుట్టిన కార్డు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "ర్యాలీ నాడు రాళ్లు వడ్డయి. నిన్న ఎవరో, పోలీసోడే గావచ్చు, మామూలు బట్టలల్ల అచ్చి, ఫోటోలున్నయా అని అడిగిండు. కార్డు పోయిందని చెప్పిన. గిండ్ల రాయి పట్టుకున్నోళ్ల మొఖాలున్నయి. మా మేనల్లుడున్నడు. నీకిస్తె తొవ్వల నిన్నెవలన్న ఆపితె?"

మల్యాలలో నా సంచి వెతికిన చేతులు గుర్తొచ్చాయి. గోరంత కార్డులో మా ఆడవాళ్ల ముఖాలూ వాళ్ల పిల్లల ముఖాలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. దాన్ని ఉంచుకోవడానికి అతనికి భయం, వదిలిపోవడానికి నాకు భయం.

"పలగ్గొట్టుండ్రి," అంది అతని భార్య, గుమ్మంలోంచి.

"గంత మంది ఒక్కకాడ నిలవడుడు మన జిందగీల సూసినమా?" అన్నాడతను ఆమెతో. "గీ కార్డుల తప్ప ఏడ లేదది."

"మనం సూసినం గద. సాలదా?"

అతను కార్డును కెమెరాలో పెట్టి, ఫోటోలు ఒక్కొక్కటే తెర మీద జరుపుతూ చివరిదాకా చూసుకున్నాడు. మమ్మల్నీ చూడమన్నాడు. జెండాలు, మగ్గాలు వదిలి వచ్చిన ముసలివాళ్లు, బతుకమ్మలు ఎత్తుకున్న ఆడవాళ్లు, చేయి పైకెత్తిన ఒక పిల్లాడు. మంచి చేయి అతనిది, నాకన్నా మంచి చేయి. తర్వాత కార్డు బయటికి తీసి, మగ్గానికి వాడే సుత్తె తెమ్మన్నాడు. బండ మీద పెట్టి మూడు దెబ్బలు కొట్టాడు. ఆ ముక్కలను అతని భార్య పొయ్యిలో వేసింది. కాలిన ప్లాస్టిక్ వాసన ఇల్లంతా నిండింది.

"నాకు రెండు దినాలసంది ధైర్యం సాలలేదక్కా," అన్నాడు. "నువ్వచ్చినవ్ గావట్టి అయింది."

నలభై వేలు ఇచ్చి పహిల్వాన్‌ను తీసుకున్నాను. బేరం ఆడలేదు. బాడీలో ఏ ఫోటో మిగలదని తెలిసినా, దాన్ని ఇంకొకరి చేతిలో ఊహించుకోలేకపోయాను. మోటరు కోసం, వెలుతురు కోసం ఎంచుకోవాల్సిన కెమెరాను చివరికి భయంతో కొన్నాను. దారంతా ఒకటే ఆలోచన. ఒక్కటే చూశానన్నాడు, నిజమేనా? ఫార్మాట్ కొట్టే ముందు ఏ నెట్ సెంటర్లోనైనా ఎక్కించి ఉంటే? తన ఊరి పిల్లల ముఖాలను అంత జాగ్రత్తగా దాచినవాడు అలా చేయడని మనసు చెప్పేది. బండి ఇంకో గుంట ఎక్కి దిగేలోపు మళ్లీ అదే ప్రశ్న. రీలయితే చేతిలోకి వస్తే వచ్చినట్టే, కాలిస్తే కాలినట్టే. ఇది చేతిలోకి వచ్చినా వచ్చినట్టు కాదు.

ఇంటికి వచ్చేసరికి పిల్లకు జ్వరం లేదు. మేము బయల్దేరిన గంటకే లేచి ఆడుకుందని మా అత్త చెప్పింది.

మర్నాడు ఖాలా దగ్గరికి పోయాను. మా ఆయన వద్దన్నాడు. అయిపోయిన దాన్ని తవ్వొద్దన్నాడు. కానీ ఆమె ముఖం చూసి అబద్ధం మోయడం నా వల్ల కాదనిపించింది. ఒట్టు పెట్టింది నేను, దాచిపెడితే ఇంకో తప్పు అనుకున్నాను. ఆమె పక్కన పీట మీద కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ముక్కలు పొయ్యిలో కాలిపోయాయని రెండుసార్లు చెప్పాను. ఆమె సూది కింద గుడ్డ అలాగే ఉంది. చాలాసేపు దారాన్ని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. తిడితే బాగుండుననిపించింది.

"కాలిపోయినంక గూడ గిది నాకెందుకు చెప్పినవ్ బిడ్డా?"

"నీ కాడ దాసిపెట్టుడు తప్పనిపిచ్చింది ఖాలా."

"నీ తప్పు దిగిపోయింది. మంచిగయింది." గొంతు పెంచలేదు. "ఇగ జగిత్యాల నుంచి ఫోన్ అచ్చినప్పుడల్లా నా పానం ఆగాలె. పిల్ల మంచిగ మాట్లాడితె, దాసుకొని మాట్లాడుతున్నదేమో అనుకోవాలె. జర పడిశం వట్టి గొంతు బొంగురు పోయినా గదేనేమో అనుకోవాలె. నీ భయం నువ్వు మొయ్యలేక తెచ్చి నా ఒళ్లె పెట్టినవ్."

ఎప్పుడూ ముందు నడిచే నోరు ఆ రోజు తెరుచుకోలేదు.

ఏమీ జరగలేదు. ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, జగిత్యాలలోనే ఉంది, అత్తగారితో చక్కగా ఉంది. ఖాలా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా మళ్లీ ఎత్తలేదు. పెళ్లిళ్లకు నన్ను పిలిపించడం మానలేదు. చనిపోయేదాకా మా ఇంటికి వచ్చేది, నేనూ పోయేదాన్ని. కానీ నేను పక్కన ఉన్నప్పుడు ఆమె ఫోన్ మోగితే, ఎత్తే ముందు ఒక్కసారి నా వైపు చూసేది.